పదిహేడు తప్పులు రాజమండ్రిలో, పద్దెనిమిదోది ద్రాక్షారామం దగ్గర

ఎం.ఎస్.డబ్ల్యూ. అనే సంఘసేవ పై చదువు చదివే పిల్లలకు రాజమండ్రిలో నేను పాఠం చెప్పాను. ఇంట్లో ఆడవాళ్ళ మీద జరిగే హింసను ఎలా ఆపాలి అన్నది విషయం. ఇరవై ఇద్దరు విద్యార్థులు, వాళ్ళ ప్రొఫెసరమ్మ, ఒక శిక్షకురాలు నా ఎదుట కూర్చుని నోట్సు రాసుకున్నారు. నా పేరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించారు. కర్నూలు జిల్లాలో రిటైరైన హెడ్ కానిస్టేబుళ్ళలో ఇంత గౌరవం ఇంకెవరికైనా దక్కిందేమో కనుక్కుని చెప్పండి.

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కొంచెం సాగదీసిన మాట నిజం. ఎక్కడ సాగిందో వరసలో చెబుతాను, తొందరపడకండి.

వాసంతి నా కూతురి కూతురు. గృహహింస చట్టం కొత్తగా వచ్చిన రోజుల్లో అది ఎం.ఎస్.డబ్ల్యూ. రెండో ఏడు చదువుతోంది. పెళ్ళాన్ని కొట్టిన తగాదాలను ఊరి పెద్దలు ఎలా తీరుస్తారన్న విషయం మీద పరిశోధన రాస్తోంది. గోదావరి జిల్లాలో ఒకసారి ఒంటరిగా తిరిగి వచ్చింది. పెద్దలందరూ ఎంతో ఆదరంగా కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారట. ఆరు ఊళ్ళలో ఆరు కాఫీలు తాగింది, ఒక్క ముక్క పనికొచ్చే మాట వినలేదు. అందుకని రెండోసారి తన బ్యాచ్‌తో పాటు వెళ్ళేటప్పుడు ఒక ముసలాయన కావాల్సి వచ్చాడు. ప్రొఫెసరమ్మను బతిమాలి నాకు అనుమతి తెచ్చింది.

"నువ్వు వాళ్ళతో కూర్చోని మాట్లాడు తాతా. నేను రాసుకుంటాను. సలహాలు మాత్రం ఇయ్యొద్దు" అంది.

ముప్పై మూడేళ్ళ సర్వీసు నాది. అందులో పద్దెనిమిదేళ్ళు ఫిర్యాదులు రాసుకునే స్టేషన్ రైటరుగా కూర్చుని రెండు వందల కాపురాలు నిలబెట్టినవాణ్ణి. నేను సలహాలు ఇవ్వకూడదట.

రాజమండ్రి

గోదావరి వంతెన మీద రైలు వెళుతుంటే ఎంత గంభీరంగా ఉంటుందో ఇంటికి వచ్చాక మా వీధి వాళ్ళందరికీ వర్ణించి చెప్పాను. నిజానికి కొవ్వూరుకు ముందే నిద్రపోయి, రాజమండ్రి ప్లాట్‌ఫారం మీద వాసంతి భుజం కుదిపితే లేచాను.

స్టేషన్ బయట పెసరట్టు ఉప్మా పన్నెండు రూపాయలు. అట్టు లోపల ఉప్మా పెట్టడమేమిటి, రెండూ విడివిడిగా తినే తీరిక లేదా మీకు అని హోటలాయన్ని అడిగాను. ఆయన నొచ్చుకోలేదు, తిని చెప్పండి బాబూ అన్నాడు. తిన్నాను. రెండోది తెమ్మని చెప్పాను.

ఈ జిల్లా మర్యాద మొదటి గంటలోనే నన్ను విసిగించింది. మా వైపు మనిషికి కోపం వస్తే వీధి చివరిదాకా తెలుస్తుంది. ఇక్కడ మా ఆటో అతను అడ్డొచ్చిన సైకిలాయన్ని "కళ్ళు కనపడట్లేదేంటండి" అన్నాడు. ఆయన "మీకే కనపడట్లేదండి" అంటూ వెళ్ళిపోయాడు. అది తిట్టుకున్నట్టో, పలకరించుకున్నట్టో నాకు తెలియలేదు. గొంతును బట్టి మనిషిని పోల్చుకోవడం నా ఉద్యోగంలో సగం విద్య. ఆ విద్య ఇక్కడ చెల్లదని ఆటోలోనే గ్రహించి ఉంటే ఈ కథనం రెండు పేజీల్లో అయిపోయేది.

ఊళ్ళకు వెళ్ళేముందు పిల్లలకు రెండు రోజుల శిక్షణ, గోదావరి గట్టు దగ్గర ఒక పాత మేడలో. కింద అంతస్తులో ఆడవాళ్ళు వచ్చి తమ గోడు చెప్పుకునే ఆఫీసు, పైన హాలు. హాల్లో కుర్చీలు లేవు, జంపఖానా పరిచారు. నా మోకాళ్ళ సంగతి ఎవరూ అడగలేదు. శిక్షకురాలి పేరు సుభద్రగారు. యాభై దాటిన మనిషి, నేత చీర, గొంతు పెంచదు. డాక్టర్లకూ పోలీసులకూ చదువుకునే పిల్లలకూ పదిహేనేళ్ళుగా ఇదే నేర్పుతోందట.

ముందుగా అందరి చేతా ఒక కాగితం మీద సంతకం పెట్టించింది. ఇక్కడా, ఊళ్ళలోనూ ఏ ఆడమనిషి దగ్గర విన్న మాటా బయటికి పోనివ్వం అని. జీవితమంతా ఇతరుల చేత సంతకాలు పెట్టించినవాణ్ణి, నా చేత పెట్టించింది. పెట్టాను.

తరవాత ఆట. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చోవాలి. ఒకరు మూడు నిమిషాలు తమ కష్టం చెప్పాలి, రెండోవారు నోరు విప్పకూడదు. అయ్యో అనకూడదు, ఎందుకని అడగకూడదు, ఉపాయం చెప్పకూడదు. నా ఎదుట కూర్చున్నది శ్రీకాకుళం వైపు పిల్ల, పేరు జ్యోతి. హాస్టల్ గదిలో వాన కారుతోందని మొదలుపెట్టింది. ఎవరికి అర్జీ పెట్టాలో నలభయ్యో సెకనుకే చెప్పేశాను. మళ్ళీ మొదలుపెట్టించారు. ఈసారి అర్జీ ఎలా రాయాలో చెప్పాను. మూడోసారి కండువా నోట్లో కుక్కుకున్నాను. ఇరవై ఏళ్ళ పిల్లలు పడీపడీ నవ్వారు. ఇదేనా పై చదువు అనుకున్నాను.

గోడ మీద నా పేరు

రెండో రోజు పొద్దున సుభద్రగారు నన్ను మధ్యలోకి పిలిచింది. జ్యోతిని దెబ్బలు తిన్న భార్యగా, ఇంకో కుర్రాణ్ణి మొగుడిగా నిలబెట్టి, "మీ స్టేషన్లో ఎలా చేసేవారో అలాగే చేసి చూపించండి" అంది. నా ఆనందం చూడాలి. కింద ఆఫీసులోంచి ఒక కుర్చీ తెప్పించుకుని కూర్చున్నాను.

ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టాను. మొగుడి మీద చెయ్యి ఎత్తి, దించాను. అది పోలీసు కళ, అందరికీ రాదు. ఊరికే కొడతాడా, నువ్వేం చేశావమ్మా అని ఆమెనడిగాను. పిల్లల ముఖం చూడమన్నాను. ఇకమీదట కొట్టనని వాడి చేత కాగితం రాయించాను. ఇద్దరికీ టీ తెప్పించి ఎదురెదురుగా తాగించి, ఒకే రిక్షాలో ఇంటికి పంపాను. అంతా పదకొండు నిమిషాలు. పాఠం చెప్పానన్నది ఇదే.

సుభద్రగారు చార్టు మీద నా పేరు రాసి, ఇందులో తప్పులు చెప్పండి అంది. నోట్సు రాసుకున్నారన్నది కూడా నిజమే, తప్పులు రాసుకున్నారు. కొట్టినవాడి ఎదుట ఆమెను అడగడం ఒకటి. నువ్వేం చేశావనడం రెండు. అలా పదహారు వచ్చాయి. టీ తాగించడం తొమ్మిదోదట. అక్కడ నాకు ఒళ్ళు మండింది. టీలో ఏం తప్పుంది, నా జేబులోంచి తెప్పించేవాణ్ణి అన్నాను.

జ్యోతి ఇంకా ఆ భార్య నిలబడ్డ చోటే నిలబడి ఉంది. "ఆ టీ అయిపోకూడదని చిన్న చిన్న గుక్కలు తాగాను తాతగారూ" అంది. "అయిపోతే ఇంటికెళ్ళాలి కదండీ."

నటన కదమ్మా అన్నాను.

పదిహేడోది వాసంతి లేచి తన చేత్తో రాసింది: తప్పు చేశానన్న అనుమానమైనా లేదు. ఆ చార్టు గోడకు అంటించారు.

కోరుకొండ

ఆ సాయంత్రం నన్ను ఊరడించడానికేమో అందరినీ కోరుకొండ తీసుకెళ్ళారు. కొండమీది నరసింహస్వామిని దర్శించుకున్నానని మా ఆవిడకు ఫోనులో చెప్పాను. నలభయ్యో మెట్టు దగ్గర చతికిలబడ్డానని ఇప్పుడు చెబుతున్నాను. సుభద్రగారు కూడా పైకి వెళ్ళకుండా నా పక్కన కూర్చుంది. రెండు రూపాయల వేరుశనగ పొట్లం కొని నా చేతిలో సగం పోసింది.

రెండు వందల కాపురాల సంగతి అడిగింది. ఆ రెండు వందల మందిలో మళ్ళీ ఎంతమందిని చూశారండి అంది. నేను ఆలోచించాను. ఒకామె చెయ్యి విరిగి మళ్ళీ వచ్చింది, ఆమెకు రెండో కాగితం రాయించాను. మిగతా వాళ్ళు రాలేదు. రాలేదంటే బాగున్నట్టే కదా అన్నాను.

"మీ దగ్గరికి రాలేదండి. మనకి తెలిసింది అంతవరకే" అని ఆమె పొట్టు ఊదుకుంటూ పల్లీలు తిన్నది.

వాదించే మనిషైతే నేను నెగ్గేవాణ్ణి. వాదించని మనిషితో ఏం చేస్తాం? దిగేటప్పుడు, రెండు వందలు కాదమ్మా, అరవై ఉంటాయేమో అని చెప్పాను. అరవై అన్నా చాలానండి అంది. అది మెచ్చుకోలు కాదని ఆటో ఎక్కాక తెలిసింది.

రైస్ మిల్లు

మూడో రోజు నేనూ వాసంతీ సుభద్రగారూ ఒక జీపులో ద్రాక్షారామం చేరాం. భీమేశ్వరుణ్ణి నిజంగానే చూశాను, వాసంతి సాక్ష్యం. మధ్యాహ్నం ఒక ఇంట్లో భోజనం పెట్టారు. కంద బచ్చలి కూర దివ్యంగా ఉంది. పులుసులో బెల్లం, పప్పుచారులో బెల్లం, ఆఖరికి వంకాయలో కూడా నాకు బెల్లమే తగిలింది. కారం ఉందా అని అడిగితే ఆ ఇల్లాలు బెదిరిపోయి ఉత్త మిరప్పొడి తెచ్చి పెట్టింది.

మేము పనిచేసే ఊరు అక్కడికి కొద్ది దూరం. పేరు రాయను. మనుషుల పేర్లు కూడా మార్చాను.

కోతలు అయిన రోజులు. నాలుగో రోజు పొద్దున మిల్లు ముందు ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. ఊరి తగాదాలు ఆ మిల్లు ఆఫీసు గదిలోనే శనివారం శనివారం తీరుస్తారు. పెద్దమనిషి సూర్రావుగారు మిల్లు భాగస్వామి, తెల్లటి పంచె, తెల్లటి నవ్వు. నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఇద్దరం మా మా కాలాల గొప్పలు చెప్పుకుంటే వాసంతి మూల కూర్చుని రాసుకుంది. నేను వచ్చిన పని అదే, బాగా చేశాను. దీనిలో సాగదీసిందేమీ లేదు.

వాళ్ళ పద్ధతి ఇది. దెబ్బలు తిని పుట్టింటికి వెళ్ళిన పిల్ల తరఫున అన్నో తండ్రో మిల్లుకు వస్తాడు. పెద్దలు మొగుణ్ణి పిలిచి నలుగురిలో చివాట్లు పెడతారు. ఒక రోజు ఖాయం చేస్తారు. ఆ రోజు వాడు కొత్త చీర, పళ్ళు, పూలు పట్టుకుని అత్తారింటికి వెళ్ళాలి. పిల్ల ఆ చీర కట్టుకుని వాడితో బయల్దేరాలి. చీర కట్టుకుందంటే తగాదా తీరినట్టు. మా వైపు స్టాంపు కాగితం, ఇక్కడ చీర. ఎంత నాజూకైన మనుషులు అనుకున్నాను.

ఈ మాటలు నడుస్తున్నంతసేపూ ఆ అమ్మాయి ఎక్కడ కూర్చుంటుందండీ అని వాసంతి అడిగింది.

సూర్రావుగారికి ప్రశ్న అర్థం కాలేదు. ఏ అమ్మాయి అన్నాడు. కొట్టించుకున్న అమ్మాయి అంది. "ఆవిడకి ఇక్కడేం పనండి? వాళ్ళింట్లో ఉంటుంది" అని నావైపు చూసి నవ్వాడు. నేను కూడా నవ్వాను. వాసంతి తల వంచుకుని చాలాసేపు రాసింది.

అంగన్‌వాడీ కిటికీ

మధ్యాహ్నం అంగన్‌వాడీలో నాగమణి అనే ఆమెతో మాట్లాడాలి. ఆమె మొగుడు సత్తిబాబు, మిల్లు ట్రాక్టరు తోలుతాడు. పిల్లల తూకం రోజు కాబట్టి ఆడవాళ్ళు లోపలికి వెళ్ళినా ఎవరూ పట్టించుకోరు. నాకు అప్పజెప్పిన పని కిటికీ బయట బల్ల మీద కూర్చోవడం, మగవాడెవడైనా వస్తే దగ్గడం. హెడ్ కానిస్టేబుల్‌కు దగ్గే డ్యూటీ. ఎవరూ రాలేదు. కిటికీలోంచి ప్రతి మాటా వినపడింది.

నాగమణికి ముప్పై ఉంటాయి. ఏడో తరగతి చదివే కూతురు. ఇంట్లో కుట్టుమిషను మీద జాకెట్లు కుడుతుంది. ఏడుస్తూ చెబుతుందనుకున్నాను. బస్సు టైములు చెబుతున్నట్టు చెప్పింది. రెండుసార్లు పుట్టింటికి వెళ్ళిందట, రెండుసార్లూ మిల్లువాళ్ళు రోజు ఖాయం చేశారట. "రెండు చీరలొచ్చాయండి ఇంట్లోకి. మూడోది వద్దు" అంది.

ఎనిమిది నెలలుగా ఏర్పాటు చేసుకుంటోంది. కాకినాడలో అక్క ఉంది, టైలరింగు షాపులో పని కుదిరింది. వచ్చే వారం పాపకు అర్ధ సంవత్సరం పరీక్షలు. అవి అయ్యాక, ఆ శుక్రవారం టీసీ ఇస్తామన్నారు. ఆ మర్నాడు శనివారం, మిల్లులో పెద్దలు కూర్చునే రోజు. తనే మిల్లుకు వెళుతుంది, అందరి ఎదుటా కూర్చుంటుంది. నేను వెళ్ళిపోతున్నాను, రోజు పెట్టొద్దు, చీర తేవద్దు అని తన నోటితో చెబుతుంది. సుభద్రగారూ, కొత్త చట్టం కింద వేసిన అధికారీ పక్కన ఉంటారు. మిషను ఆటోలో ఎక్కించుకుని, పాపతో ఊరి మధ్య నుంచి బస్టాపుకు వెళుతుంది. అప్పటిదాకా అతని చెవిన పడకూడదు. చెవిన పడితే ఏం చేస్తాడో చెప్పింది. అది నేను రాయను.

లోపల వాసంతి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మూడు నిమిషాలు కాదు, గంటంబావు నోరు విప్పకుండా వింది.

కొబ్బరిబొండాలు

అయిదో రోజు శుక్రవారం. వాసంతీ సుభద్రగారూ అంగన్‌వాడీలో ముసలమ్మలతో మాట్లాడుతుంటే నేను కాలవ గట్టు మీద నడుస్తున్నాను. ఎదురుగా ధాన్యం ట్రాక్టరు ఆగింది. దిగినవాడు తన పేరు చెప్పాడు, సత్తిబాబు. మిల్లులో నన్ను చూశాడట. ఎండలో తిరుగుతున్నారేంటండి అంటూ తోటలోంచి రెండు బొండాలు దింపించి తన చేత్తో కొట్టి ఇచ్చాడు. డబ్బులిస్తే చెవులు మూసుకున్నాడు. నా మోకాళ్ళ గురించి అడిగాడు. మిల్లులో నేను చెప్పిన దొంగల కథ ఒకటి మళ్ళీ చెప్పించుకుని నవ్వాడు. ముప్పై మూడేళ్ళలో నాకు తటస్థపడిన మొగుళ్ళందరిలో ఇంత మంచిగా మాట్లాడినవాడు లేడు.

వీడికి బుద్ధి చెప్పేవాడు లేక గానీ, ఒక్క మాట సరిగ్గా పడితే ఇల్లు నిలబడుతుంది అనిపించింది. ఇంత నెమ్మదస్తుడి కాపురాన్ని వాళ్ళు బస్సెక్కిస్తున్నారు. నేను ఉండి ఏం లాభం?

చాలా జాగ్రత్తగా మాట్లాడాను. ఇంట్లో ఆడమనిషిని బాగా చూసుకోవయ్యా, ఎవరి ఓపికైనా ఎంతకాలం ఉంటుంది అని మాత్రం అన్నాను.

అంతేనని వాసంతికి మొదట చెప్పాను. అంతే కాదు. "కాకినాడ ఎంత దూరం చెప్పు" అని కూడా అన్నాను.

అదీ అంతా కాదు. "శనివారం దాకా తెచ్చుకోవద్దు" అన్నాను. ఇప్పుడు అంతా రాసేశాను.

సత్తిబాబు ముఖంలో ఏ మార్పూ లేదు. నవ్వు అలాగే ఉంది. ఏ శనివారమని అడగలేదు. "ఆయ్. మంచి మాట చెప్పారండి" అన్నాడు. నాకు ఇంకో బొండాం కొట్టి ఇచ్చి, లోడు దింపేసి ఇంటికెళ్ళాలండి అని ట్రాక్టరెక్కాడు.

ఇంటికెళతానన్నాడని నేను సంతోషించాను.

కాటా దగ్గర

అంగన్‌వాడీకి వచ్చి వాసంతికి ఈ విజయం చెప్పాను. కేకలు వేస్తుందనుకున్నాను, వేయలేదు. ఏ మాటలన్నావో అవే మాటలు చెప్పు అంది. అప్పుడు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. శనివారం అన్న మాట బయటికి వచ్చేసరికి సుభద్రగారు చెప్పులు తొడుక్కుంటోంది.

"వాడు ఎక్కడికి పోయినాడు తాతా?"

"మిల్లుకు. లోడు దింపి ఇంటికి పోతానన్నాడు."

"ఎంతసేపయింది?"

నేను ఆ మూడో బొండాం తీరిగ్గా తాగి వచ్చాను. పావుగంట అన్నాను. ఇరవై నిమిషాలు.

వాళ్ళకు నా మీద విసుక్కునే తీరిక కూడా లేకపోయింది. అంగన్‌వాడీ టీచరు నాగమణి ఇంటికి పరుగెత్తింది. వాసంతి పాప కోసం బడికి వెళ్ళింది. సుభద్రగారు ఫోనులో అధికారితో మాట్లాడుతూ జీపును ఊరి వెనక సందులోకి తిప్పమంది. పెట్టే, మిషనూ వద్దు, పాపా, కాగితాలూ చాలు అని ఎవరికో చెబుతోంది. నన్ను చూసి ఒక్క మాటే అంది. "మిల్లుకి వెళ్ళి అతన్ని కబుర్లలో పెట్టండి. ఆవిడ పేరు ఎత్తొద్దు."

మోకాళ్ళు మరిచిపోయి వెళ్ళాను. గంటన్నర సేపు సత్తిబాబును కదలనివ్వలేదు. మూడు హత్యలు, ఒక బందిపోటు ముఠా, నా సర్వీసులో లేని ఒక కాల్పుల సంఘటన కూడా చెప్పాను. సూర్రావుగారు పొట్ట పట్టుకుని నవ్వాడు. సత్తిబాబు స్టీరింగు మీద చెయ్యి వేసి, నన్ను కాకుండా రోడ్డునే చూస్తూ "మరేనండి, మరేనండి" అన్నాడు.

అతన్ని ఆపింది నా కథలు కావు. లోడు తూచే కాటా దగ్గర అతని ముందు రెండు లారీలు, వెనక నాలుగు ట్రాక్టర్లు ఇరుక్కుని ఉన్నాయి. ట్రాక్టరు వదిలేసి నడిచి వెళదామని రెండుసార్లు దిగాడు, లైను కదులుతోంది బండి తియ్యమని గుమాస్తా రెండుసార్లూ అరిచాడు. ఆ ఏడు ఊళ్ళో ధాన్యం తక్కువగా పండి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. దారి దొరకగానే లోడు దించకుండానే నేరుగా ఇంటి వైపు తోలాడు. వెళుతూ కూడా నాకు దణ్ణం పెట్టాడు.

అప్పటికి జీపు ఊరు దాటింది. నన్ను అక్కడే వదిలేశారు. ద్రాక్షారామం దాకా ఒక గడ్డి బండి మీద వచ్చాను. బండాయన దారంతా మీదే ఊరండీ, ఎంతమంది పిల్లలండీ అని మర్యాదగా అడుగుతూనే ఉన్నాడు. ఈ ప్రయాణంలో నేను జవాబు చెప్పని ప్రశ్నలు అవే.

కాకినాడ

ఆరో రోజు సుభద్రగారి వాళ్ళ కాకినాడ ఆఫీసుకు రమ్మంటే వెళ్ళాను. చేపల రేవు వాసన, ఎరువుల వాసన కలిసి ఆ ఊరి గాలి మా కర్నూలు ఎండను మెచ్చుకునేలా చేసింది. అరకిలో కాజాలు కొన్నాను.

మెట్ల దగ్గర వాసంతి కూర్చుని ఉంది. జరిగింది జరిగినట్టు రాసి ప్రొఫెసరమ్మకు ఇచ్చేసిందట. ఊళ్ళలో చేసిన పని అంతా పక్కన పెట్టి, వేరే చోట మొదటి నుంచి చేయాలన్నారట. అంటే పట్టా ఆరు నెలలు ఆలస్యం. నా పేరు ఎందుకు రాశావు, పొరపాటున బయటికి పొక్కిందని రాయొచ్చు కదా అన్నాను. నువ్వు స్టేషన్లో అట్లే రాసేవాడివా అని అడిగింది. నిజం చెప్పాలంటే, అట్లే రాసేవాణ్ణి.

అంగన్‌వాడీ టీచరు ఫోను చేసిందట. సత్తిబాబు కుట్టుమిషనును గునపంతో పొడిచి కాలవలో వేశాడు. తరవాత మిల్లుకు వెళ్ళి సూర్రావుగారి కాళ్ళ మీద పడి ఏడ్చాడు. పాపం నెమ్మదస్తుడు అని ఊరంతా అంటోందట.

లోపల గదిలో నాగమణి, ఆమె పక్కన పాప ఉన్నారు. పాప ఒళ్ళో సైన్సు పుస్తకం. మర్నాడు కాక ఆ మర్నాడు పరీక్ష, రాయడానికి బడి లేదు. నేను కాజాల పొట్లం బల్ల మీద పెట్టాను. తప్పయిపోయిందమ్మా అన్నాను. అది నేను అనుకున్నంత కష్టంగా లేదు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. నాకు ఆగడం రాదు. ఒక విధంగా చూస్తే నీకు ఎనిమిది రోజుల దెబ్బలు తప్పాయి, ముందే బయటపడ్డావు అన్నాను. ఈ ప్రయాణం గురించి రాద్దామనుకుంటున్నాను, పేరు మార్చి నీ సంగతి రాయనా అని కూడా అడిగాను.

సుభద్రగారు నన్ను గదిలోంచి పంపేయబోయింది. నాగమణి చెయ్యి అడ్డం పెట్టింది.

"రాయండి. రాయొద్దని నేననను. కానీ బయటపడ్డాను అని రాయకండి. నేను శనివారం మిల్లులో కూర్చుని, ఆళ్ళందరి మొకాల మీదా చెప్పి, నా మిషను నేనేసుకుని వెళ్ళేదాన్నండి. ఎనిమిది నెలలు నోట్లో ఆ మాటే నానబెట్టుకున్నాను. మీరు నన్ను వెనక సందులోంచి పరిగెత్తించారు. ఇప్పుడు మా ఊళ్ళో నేను ఎవరితోనో లేచిపోయినదాన్ని. మా అమ్మ కూడా ఫోన్లో అదే అడిగింది, ఎవడే వాడు అని. మీరు తప్పించింది ఎనిమిది రోజుల దెబ్బలు కాదండి. అది రాయండి."